వాడు ఏ జెర్సీ వేసుకుంటే మనకేంటండీ

2006 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళ్ళిన ఫ్రాన్స్ జట్టులో, జిదాన్, హెన్రీల పక్కన, ఒక తెలుగు మూలాలున్న ఆటగాడు ఉన్నాడని చెబితే మా అమలాపురంలో ఇప్పటికీ "ఊరుకోండి గురువుగారూ" అంటారు. ఉన్నాడండి. పేరు వికాస్ దొరసూ. 1973లో ఫ్రాన్స్‌లోనే పుట్టాడు, వాళ్ళది మారిషస్ నుంచి అక్కడికి వెళ్ళిన తెలుగు కుటుంబం. లియాన్‌కి ఆడాడు, ఏసీ మిలాన్‌కి ఆడాడు, ఫ్రాన్స్ జాతీయ జట్టుకి 18 మ్యాచ్‌లు ఆడాడు. ప్రపంచకప్‌లో మాత్రం పాపం రెండు మ్యాచ్‌ల్లో చివర్లో కాసేపు సబ్‌స్టిట్యూట్‌గా దింపి, మిగతా అన్నాళ్ళూ బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆయన ఆ కూర్చున్న రోజుల్ని ఒక సూపర్-8 కెమెరాతో తీసుకుంటూ గడిపాడు, తర్వాత అది సినిమాగా విడుదలైంది కూడా. (తెలుగువాడే, అనుమానం లేదు. పని లేకపోతే సినిమా తీసేశాడు.)

మారిషస్ తెలుగువాళ్ళంటే మా డెల్టాకి పరాయివాళ్ళేం కాదు, మేమే మర్చిపోయాం. యానాం దగ్గర తాళ్ళరేవు మండలంలో కోరంగి ఉంది కదా, ఇప్పుడు జనం మడ అడవుల్లో బోటు షికారుకని వెళ్ళి సెల్ఫీలు దిగే చోటు, అది ఒకప్పుడు ఓడలు కట్టిన పెద్ద రేవు. 1839 తుపాను దాన్ని ఊడ్చేసింది. 1830ల్లో చెరకు తోటల పనికి కూలీలను ఎక్కించుకున్న ఓడలు అక్కడినుంచి కూడా బయల్దేరాయి, అందుకే మారిషస్‌లో తెలుగు కూలీలను కోరంగీలు అనేవారు, రంగూన్‌లోనూ అదే పేరు. ఆ ఓడ ఎక్కినవాళ్ళని మీకు ఏ దేశం కావాలి నాయనా అని అడిగినవాడు లేడు. కానీ అలా వెళ్ళిన వాళ్ళ మునిమనవడెవడైనా బంతి బాగా తన్నాడని పేపర్లో చదివితే మాత్రం "మనవాడే కదా, మరి మనకెందుకు ఆడడు?" అని అడిగేస్తాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో రయాన్ విలియమ్స్ గురించి పెద్ద రచ్చ జరిగింది. తెలియనివాళ్ళకి: ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో పుట్టాడు, ఇంగ్లండ్ క్లబ్బుల్లో ఆడాడు, అమ్మది ముంబై ఆంగ్లో ఇండియన్ కుటుంబం, 2023 నుంచి బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతున్నాడు. 2019లో ఆస్ట్రేలియాకి ఒకే ఒక్క ఫ్రెండ్లీ (ఏ టోర్నీ లెక్కలోకీ రాని మ్యాచ్) ఆడాడు. 2025లో ఆ పాస్‌పోర్ట్ వదిలేసుకుని భారత పౌరసత్వం తీసుకున్నాడు, మన జట్టుకి ఆడటానికి. గ్రూపులో ఒకడు పెట్టాడు, "అక్కడ చోటు దొరక్క ఇక్కడికొచ్చాడ్రా, దీనికి హారతి ఒకటి" అని. పదిమంది దానికి నవ్వుల బొమ్మలు.

చోటు దొరక్కే వచ్చాడు అనుకుందాం. అయితే ఏంటి? మా కోనసీమలో ఇక్కడ చోటు దొరక్క కువైట్, దుబాయ్, మస్కట్ వెళ్ళినవాళ్ళు లేని వీధి చూపించండి. రాజోలు వైపు కొన్ని ఊళ్ళలో మేడలన్నీ వాళ్ళు పంపిన డబ్బుతో లేచినవే. వాళ్ళని ఎవరైనా "ఇండియాలో పనికిరాక పోయారు" అంటే మనం ఊరుకుంటామా? పైగా ఆ నవ్వుల బొమ్మలు పెట్టిన వాళ్ళలో సగం మంది గ్రీన్‌కార్డు కోసం కళ్ళలో ఒత్తులు వేసుకుని కూర్చున్నవాళ్ళు.

నిజానికి ఒకప్పుడు ఇంత గొడవ లేదు. లూయిస్ మోంటీ 1930 ప్రపంచకప్ ఫైనల్ అర్జెంటీనాకి ఆడి, 1934 ఫైనల్ ఇటలీకి ఆడాడు. డి స్టెఫానో అర్జెంటీనా, కొలంబియా, స్పెయిన్ మూడింటికీ ఆడేశాడు. పుష్కాష్ 1954లో హంగరీ కెప్టెన్, 1962లో స్పెయిన్ ఆటగాడు. 1960ల్లో ప్రపంచ ఫుట్‌బాల్ సంఘం ఫిఫా తలుపు వేసింది, ఒకసారి ఒక దేశానికి ఆడితే ఇక అంతే అని. 2004లోనూ 2009లోనూ కొంచెం కొంచెం సడలించారు గానీ, సీనియర్ జట్టుకి ఒక్క పోటీ మ్యాచ్ ఆడినా తాళం పడిపోయేది. ఫ్రెండ్లీ అయితే పడదు, అందుకే 2013లో బ్రెజిల్‌కి రెండు ఫ్రెండ్లీలు ఆడిన డీగో కోస్టా స్పెయిన్‌కి మారగలిగాడు, ఐర్లండ్‌కి మూడు ఫ్రెండ్లీలు ఆడిన డెక్లన్ రైస్ ఇంగ్లండ్‌కి వెళ్ళగలిగాడు.

ఆ తాళం ఎంత అన్యాయమో తెలియాలంటే మునీర్ అల్ హద్దాదీ కథ చూడాలి. స్పెయిన్‌లో మొరాకో కుటుంబంలో పుట్టాడు, బార్సిలోనాలో పెరిగిన ఆటగాడు. 2014లో, పంతొమ్మిదేళ్ళ వయసులో, స్పెయిన్ వాళ్ళు మాసిడోనియాతో మ్యాచ్‌లో చివరి 13 నిమిషాలకి దింపారు. అది యూరో టోర్నీకి అర్హత మ్యాచ్, అంటే పోటీ మ్యాచే. ఆ తర్వాత స్పెయిన్ మళ్ళీ పిలవలేదు. మొరాకో పిలిచింది, 2018 ప్రపంచకప్‌కి రమ్మంది, ఇతను వస్తానన్నాడు, రూల్ ఒప్పుకోలేదు, క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళారు, అక్కడా కుదరదన్నారు. పదమూడు నిమిషాలండి! మా పాసర్లపూడి దగ్గర గేటు పడితే అంతకంటే ఎక్కువసేపు ఆగుతాం అనబోయాను, కోనసీమలో రైలే లేదు కదా ఇంకా. సరే. చివరికి 2020లో ఫిఫా రూల్ మార్చింది, 21 ఏళ్ళు నిండకముందు మూడు మ్యాచ్‌లకి మించకుండా ఆడి, ఆఖరి మ్యాచ్ తర్వాత మూడేళ్ళు గడిస్తే మారొచ్చు అని (ప్రపంచకప్‌లోనో యూరో లాంటి టోర్నీలోనో ఆడి ఉంటే మాత్రం కుదరదు). 2021లో మునీర్ మొరాకో జెర్సీ వేసుకున్నాడు.

నాకు ఈ గొడవలో అర్థమైంది ఒకటే. "ఆటగాడు దేశాన్ని ఎంచుకున్నాడు" అని రాస్తారు గానీ సగం సార్లు ఎంచుకునేది ఆటగాడు కాదు. ఎవరు ముందు ఇంటికొచ్చారు, ఎవరు ఫోన్ చేశారు, ఎవరు వాళ్ళ నాన్నతో కూర్చుని కాఫీ తాగి మాట్లాడారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2022లో సెమీఫైనల్ దాకా వెళ్ళిన మొరాకో జట్టు చూడండి, 26 మందిలో 14 మంది బయట దేశాల్లో పుట్టినవాళ్ళే. వాళ్ళకి ఒక్కసారిగా మాతృభూమి గుర్తొచ్చి రాలేదు. యూరప్ అంతా మనుషుల్ని పెట్టి, కుర్రాళ్ళు చిన్నగా ఉన్నప్పటి నుంచే వెంటపడి, ఇళ్ళకెళ్ళి మాట్లాడి తెచ్చుకున్నారు. మాడ్రిడ్‌లో పుట్టిన హకీమీ, అదే స్పెయిన్‌ని ప్రపంచకప్ నుంచి ఇంటికి పంపిన ఆఖరి పెనాల్టీ తన్నాడు, అదీ బంతిని మెల్లగా గోల్ మధ్యలోకి తేలేసి. స్పెయిన్ కుర్ర ఆటగాడు లామిన్ యమాల్ వాళ్ళ నాన్న కూడా మొరాకో మనిషే, మొరాకో అతన్నీ అడిగింది, అతను స్పెయిన్ అన్నాడు. ఇద్దరిలో ఎవరు మంచివాడు అని అడిగేవాడికి ఆట చూడటం రాదని నా ఉద్దేశం.

బోటెంగ్ అన్నదమ్ములు 2010 ప్రపంచకప్‌లో ఎదురెదురుగా ఆడారు, ఒకడు జర్మనీ, ఒకడు ఘనా. ఝాకా అన్నదమ్ములు 2016 యూరోలో, ఒకడు స్విట్జర్లాండ్, ఒకడు అల్బేనియా, స్టేడియంలో వాళ్ళమ్మ సగం ఇటు సగం అటు ఉన్న టీషర్టు వేసుకుని కూర్చుంది. ఇది చదివి చాలామంది ఆశ్చర్యపోతారు గానీ యానాం వాళ్ళు ఆశ్చర్యపోరు.

ఎందుకంటే ఆ ముచ్చట మా పక్కనే జరిగింది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. అది 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉంది. మనవాళ్ళకి అప్పజెప్పింది ఆ ఏడే అయినా, కాగితం మీద లెక్క తేలింది 1962 ఆగస్టు 16న, ఒప్పందం అమల్లోకి వచ్చినప్పుడు. ఆ ఒప్పందంలో ఏముందంటే, ఈ ప్రాంతాల్లో పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచ్ పౌరులందరూ ఆ రోజుతో భారతీయులైపోతారు, వద్దనుకున్నవాళ్ళు ఆరు నెలల లోపు రాసిచ్చి ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకోవచ్చు. అంతే. పుదుచ్చేరిలో అలా రాసిచ్చిన వాళ్ళ పిల్లలూ మనవలూ వేలమంది ఇప్పటికీ ఫ్రాన్స్ ఎన్నికల్లో ఓటేస్తారు. ఒకే తాతకి పుట్టినవాళ్ళలో ఒకరు రాసిచ్చారు, ఒకరు రాసివ్వలేదు, కారణాలేంటంటే పెన్షను, మిలిటరీ ఉద్యోగం, అత్తారింటివాళ్ళ మాట, లేదా అసలు ఆ గడువు సంగతే తెలియకపోవడం. రాసివ్వనివాడు గొప్ప దేశభక్తుడనీ, ఇచ్చినవాడు ద్రోహి అనీ ఎవరూ అనుకోలేదు. పండక్కి ఒకే చావడిలో కూర్చుని తిన్నారు. ఫుట్‌బాలర్ విషయానికొచ్చేసరికి మాత్రం ఎక్కడలేని పౌరుషం వస్తుంది మనకి.

ఇక మన ఇండియా సంగతి. ఇక్కడ ఎంచుకోవడం అన్నది మిగతా చోట్ల ఉన్నంత తేలిక కాదు, మనకి రెండు పౌరసత్వాలు కుదరవు. విదేశీ పౌరులైన మనవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అది పౌరసత్వం కాదు, ఫిఫాకి పాస్‌పోర్టే కావాలి. జపాన్‌లో పుట్టిన ఇజుమి అరాటా (నాన్న గుజరాతీ) అక్కడి పౌరసత్వం వదిలేసుకుని 2013లో మనకి ఆడాడు. ఆ తర్వాత మళ్ళీ విలియమ్సే. మధ్యలో ఎంతమంది పేర్లు వినిపించి ఆగిపోయాయో. బర్మింగ్‌హామ్‌లో పుట్టిన యాన్ ధండా ఇంగ్లండ్ జూనియర్ జట్లకి ఆడాడు, ఇండియాకి ఆడాలని ఉందని బాహాటంగా చెప్పాడు, కానీ బ్రిటిష్ పాస్‌పోర్ట్ వదిలేస్తే ఇంగ్లండ్‌లో ఆడటానికే వర్క్ పర్మిట్ కావాలి, ఆ పర్మిట్‌కి పాయింట్లుంటాయి, ఆ పాయింట్లు నీ దేశం ర్యాంకుని బట్టి. 2025 చివరికి మన ర్యాంకు 140 దాటిపోయింది. అంటే మనకి ఆడాలంటే వాడు ముందు తన ఉద్యోగం పోగొట్టుకోవాలి. దేశభక్తి తక్కువై ఆగిపోయాడని ఎవరైనా అంటే వాళ్ళని ఒక నెల జీతం వదిలేసి చూపించమనాలి.

అదే బంగ్లాదేశ్ రెండు పాస్‌పోర్టులు ఒప్పుకుంటుంది. లెస్టర్ ఆటగాడు హమ్జా చౌధురి, ఇంగ్లండ్ అండర్-21కి ఆడినవాడు, 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్ తరఫున మొదటి మ్యాచ్ ఆడాడు, అదీ మన మీదే. మనమేమో రిటైరైన సునీల్ ఛెత్రీని వెనక్కి పిలిపించుకున్నాం. 0-0. నవంబర్‌లో ఢాకాలో 1-0తో ఓడిపోయాం కూడా. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు, మా ఆవిడ "ఏవైందండీ, ఎవరైనా పోయారా" అంది. (ఛెత్రీ అంటే గుర్తొచ్చింది, పుట్టింది మన సికింద్రాబాద్‌లో, వాళ్ళమ్మగారు నేపాల్ మహిళల జట్టుకి ఆడారు. మరి ఆయన్ని ఎవరైనా నేపాల్‌కి ఎందుకు ఆడలేదని నిలదీశారా?)

చట్టం మార్చాలంటారా? ఫుట్‌బాల్ కోసం పౌరసత్వ చట్టం మారుస్తారని నేననుకోను, మార్చాలని కూడా గట్టిగా అనను. అందులో ఆట కంటే పెద్ద విషయాలు చాలా ఉన్నాయి. కానీ ఉన్న చట్టంలోనే వచ్చినవాడిని, ఏడాదిపాటు ఇక్కడే ఉండి, కాగితాలన్నీ పెట్టుకుని, పుట్టిన దేశం పాస్‌పోర్ట్ అప్పజెప్పి వచ్చినవాడిని పట్టుకుని "చోటు దొరక్క" అనడం మాత్రం నాకు నచ్చలేదు.

మొన్న పండక్కి మా పెదనాన్నగారి మనవడు న్యూజెర్సీ నుంచి వచ్చాడు. పదిహేనేళ్ళు, క్లబ్ ఫుట్‌బాల్ ఆడతాడు, ఇంట్లో సాకర్ అంటాడు. అరుగు మీద మా మావయ్య పట్టుకున్నాడు వాణ్ణి.

"ఏరా అబ్బాయ్, రేపు పెద్దయ్యాక అమెరికాకి ఆడతావా, ఇండియాకి ఆడతావా? సరిగ్గా చెప్పు."

వాళ్ళ నాన్న మధ్యలో అందుకుని, "ఇండియాకంటే పాస్‌పోర్ట్ ఇచ్చేయాలంట మావయ్యా" అన్నాడు.

"ఆయ్! ఇచ్చేయాలా? అయితే వద్దులే. దాని కోసం మీరు ఎన్ని అవస్థలు పడ్డారూ..." అని మావయ్య వెంటనే వెనక్కి తగ్గిపోయాడు. అంతకు పది నిమిషాల ముందే విలియమ్స్ గురించి ఈయన చెప్పిన మాటలు ఇక్కడ రాయలేను.

కుర్రాడు ఫోన్లోంచి తలెత్తి, "తాతయ్యా, నేను మా క్లబ్‌లోనే బీ టీమ్" అన్నాడు. "గోల్‌కీపర్‌ని. అదీ రెండోవాణ్ణి."