కూరగాయల మడికి తాండూరు బండల అంచు: మొదటి మడి అయ్యింది

మొదటి మడికి అంచు పెట్టడం పూర్తయింది. 4 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు. అంతకన్నా వెడల్పైతే మధ్యలో ఉన్న వంగమొక్కకి రెండు వైపుల నుంచీ చెయ్యి అందదు.

హైదరాబాద్ శివార్లలో మా పెరడంతా ఎర్రమట్టి. గట్టివాన పడితే మడిలో వేసిన పశువుల ఎరువు దారిలోకి కొట్టుకొస్తుంది, దారిలోని గరికేమో మడిలోకి పాకుతుంది. ఈ రెండూ ఆగాలి, అందం తర్వాత సంగతి.

ప్లాస్టిక్ పట్టీలు మా ఎండలకి వంకర్లు తిరుగుతాయి. సరిగ్గా కాలని ఇటుకైతే తడికి పొరలు పొరలుగా రాలిపోతుంది. సిమెంటు కట్ట గట్టిదే కానీ రేపు మడి పెంచాలంటే పగలగొట్టాల్సిందే. అందుకే వికారాబాద్ జిల్లా తాండూరు బండ. మాకు దగ్గర, గట్టి సున్నపురాయి, తడికి అంత త్వరగా పాడవదు. చుట్టుకొలత 28 అడుగులు, 2×2 అడుగుల బండలు 7 తీసుకుని షాపులోనే మధ్యకి కోయిస్తే 2×1 ముక్కలు 14, సరిగ్గా సరిపోయాయి. పాలిష్ లేనివి, అంగుళం మందంవి అడగండి, పల్చటివి గడ్డపార తగిలితే విరుగుతాయి.

ముందు నాలుగు మూలలా మేకులు కొట్టి దారం కట్టాను. రెండు మూలల మధ్య ఐమూలగా కొలిస్తే రెండు వైపులా 10 అడుగుల 9 అంగుళాలు రావాలి, అప్పుడే మూలమట్టం ఉన్నట్టు. దారం వెంబడి 8 అంగుళాల లోతు, బెత్తెడు వెడల్పు కాలువ తీసి, అడుగున 2 అంగుళాలు రాతిపొడి పోసి తడిపి దిమ్మిస కొట్టాలి. బండ సగం లోపల, సగం బయట. నేల ఏటవాలుగా ఉన్నా పైఅంచు మాత్రం రసమట్టానికి (మట్టం చూసే గాజుబుడగ పరికరం) సమంగా ఉండాలి, కాబట్టి ఎత్తు వైపు కాలువ ఇంకాస్త లోతు తీశాను.

అసలు పని మట్టి పూడ్చడంలోనే ఉంది, దీనికి మాత్రం తొందరపడకండి. లోపలి వైపు ఒక్కటే నింపితే, తడిసిన మట్టి బరువుకి బండ బయటికి ఒరుగుతుంది. రెండు వైపులా కొంచెం కొంచెంగా పోస్తూ కర్ర మొనతో కూరుకుంటూ రావాలి. బండకీ బండకీ మధ్య సన్నటి సందు ఉంచేశాను, ఎక్కువైన నీళ్ళు అందులోంచి పోతాయి. నల్లరేగడి వాళ్ళు కాలువ ఇంకా లోతు తీసి రాతిపొడి ఎక్కువ వేసుకుంటే మంచిది, ఎండకి ఆ నేల బీటలిచ్చి బండల్ని కదిలిస్తుంది.

పైఅంచు పదును పోయేలా కార్బొరండం రాయితో (గరుకైన సానరాయి) రుద్దాను, పిల్లలు చెప్పుల్లేకుండా తిరుగుతారు కదా.

గరిక ఇప్పటికైతే బండ దగ్గరే ఆగింది, పైనుంచి పాకే తీగల్ని కత్తిరిస్తే చాలు. తుంగకి మాత్రం ఏ అంచూ అడ్డు కాదు, దాని గడ్డలు తవ్వి తీయాల్సిందే.

తర్వాతిది ప్రహరీ పక్కన వంపు మడి. పొడుగు బండలు వంపు తిరగవు కాబట్టి అక్కడికి బాగా కాలిన ఇటుకలు నిలువుగా పెడతాను, తట్టితే ఖంగుమనేవి ఏరుకుంటున్నాను.