బోర్డులో వాల్యూమ్ ఎక్కడ పోతోంది: రిపేరు లాగ్

శనివారం

గిటారు పెడల్‌బోర్డు వరస ఇది: సింగిల్ కాయిల్ గిటారు, ట్యూనర్, వాల్యూమ్ పెడల్, ఇంట్లో సోల్డర్ చేసిన ఎల్‌పీబీ-1 బూస్టర్, డిలే, ఆంప్. తేడాలు రెండు. అన్నీ ఆఫ్‌లో ఉన్నా సౌండు తగ్గి మొద్దుగా వస్తోంది. బూస్టర్ ఆన్ చేస్తే పెరగాల్సింది పోయి ఇంకా పడిపోతోంది.

ఒకే కేబుల్‌తో గిటారును ఆంప్‌కి కలిపితే బాగానే ఉంది. ఆంప్ వెనక సెండ్, రిటర్న్ జాక్‌లను ప్యాచ్ కేబుల్‌తో కలిపినా మార్పు లేదు కాబట్టి ఆంప్ మీద అనుమానం పోయింది. (అలా కలపగానే సౌండు లేచిందంటే రిటర్న్ జాక్‌లోని స్విచ్‌కి మురికి పట్టినట్టు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్ ఇరవైసార్లు పెట్టి తీస్తే చాలావరకు కుదురుకుంటుంది.)

ఇక చెవిని పక్కనపెట్టి కొలత. ఫోన్‌లో టోన్ జనరేటర్, 200 హెర్ట్జ్, 100 మిల్లీవోల్టులు. 1 కిలోహెర్ట్జ్ వద్దు, చవక మీటర్లలో చాలావాటికి 400 హెర్ట్జ్ దాటితే ఏసీ లెక్క తప్పుతుంది. పసుపు రంగు చిన్న మీటర్లలో ఏసీ రేంజి 200 వోల్టుల నుంచే మొదలు, అవి అసలే పనికిరావు. ఫోన్‌తో ఇంకో చిక్కు: దాని అవుట్‌పుట్ పికప్‌లా (తీగల కంపనాన్ని సిగ్నల్‌గా మార్చే గిటారు కాయిల్) నీరసంగా ఉండదు, ఎంత లోడ్ పడినా తట్టుకుంటుంది, లోపం బయటపడదు. అందుకని సిరీస్‌లో ఒక రెసిస్టర్ పెట్టాలి. మంద్ర స్వరాలకు 10కె (10 కిలో ఓమ్‌లు) చాలు. కాయిల్ ఇండక్టెన్స్ వల్ల పై ఫ్రీక్వెన్సీల్లో పికప్ ఎలా ఉంటుందో చూడాలంటే 100కె.

బోర్డు చివర 10కెతో 71 మిల్లీవోల్టులు, 100కెతో 20. వాల్యూమ్ పెడల్ తీసేస్తే 99, 91.

పెడల్ విప్పితే లోపల 25కె పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్). అది బఫర్ (పికప్ మీద లోడ్ పడకుండా కాచే చిన్న సర్క్యూట్) తర్వాత పెట్టాల్సిన రకం. ముందున్న ట్యూనర్ ట్రూ బైపాస్, అంటే ఆఫ్‌లో ఉత్త తీగే. పికప్ నేరుగా 25కెని మోస్తోంది. 250కె పాట్ మార్చినా 100కె పరీక్షలో 67 దగ్గరే ఆగుతుంది, కాబట్టి బఫరే నయం.

ఆదివారం

టీఎల్072 (ఎనిమిది కాళ్ల ఆప్-ఆంప్ చిప్) బఫర్. ఇన్‌పుట్ 100 నానోఫారడ్ మీదుగా 3వ కాలికి, అక్కణ్ణుంచి 1 మెగ్ సగం వోల్టేజికి (9లో సగం, 4.5). 2, 1 కలపాలి. 1 నుంచి 1 మైక్రోఫారడ్ మీదుగా అవుట్‌పుట్, అక్కడ గ్రౌండ్‌కి 100కె. సగం వోల్టేజికి రెండు 10కెలు, 10 మైక్రోఫారడ్. 8కి 9 వోల్టులు, 4 గ్రౌండ్. వాడని సగాన్ని గాలికి వదలొద్దు: 5ని సగం వోల్టేజికి, 6ని 7కి కలపాలి. ట్యూనర్ తర్వాత పెట్టాక వాల్యూమ్ పెడల్ ఉన్నా 99, 91. జెర్మేనియం ఫజ్ పెడల్ ఉన్నవాళ్లు మాత్రం దాన్ని ఈ బఫర్‌కి ముందే ఉంచాలి.

బుధవారం

బూస్టర్. ట్రాన్సిస్టర్ బేస్ మీద 430కె, 43కె, కలెక్టర్‌కి 10కె, ఎమిటర్‌కి 390 ఓమ్‌లు, లోపలికీ బయటికీ చెరో 0.1 మైక్రోఫారడ్, చివర 100కె పాట్. 430, 43 దొరక్కపోతే 470, 47 వేసుకోవచ్చు. కోఠి గుజరాతీ గల్లీలో 2ఎన్5088 ట్రాన్సిస్టర్ దొరకని రోజు బీసీ549సీ తెచ్చుకుంటే దాని కాళ్లు సరిగ్గా తిరగేసి ఉంటాయని గుర్తుంచుకోవాలి.

కలెక్టర్ మీద 4 వోల్టులు, ఎమిటర్ మీద 0.2. డీసీ అంతా నిక్షేపంగా ఉంది. ఇక్కడే చాలామంది ట్రాన్సిస్టర్‌ను అనవసరంగా పీకేస్తారు. కెపాసిటర్ తప్పయితే డీసీలో తెలియదు.

ఫోన్‌కి సిరీస్‌లో పెట్టిన 10కె తీసేసి 20 మిల్లీవోల్టులు పంపితే కలెక్టర్ దగ్గర 430, పాట్ పైకాలి దగ్గర 6. రెండింటి మధ్య ఉన్నది ఒక్క కెపాసిటరే. భూతద్దంలో చూస్తే దాని మీద కోడ్ 101. అంటే 100 పికోఫారడ్, కావాల్సింది 104. రెండూ అదే గోధుమరంగు బిళ్ళలు. 100 పికోతో 200 హెర్ట్జ్ దగ్గర పెడల్ సౌండును నాలుగో వంతుకు దించుతోంది, 2 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు మూడింతలు చేస్తోంది. అందుకే ఆన్ చేస్తే దోమలా సన్నటి గోల.

104 వేశాక పాట్ దగ్గర 390 దాకా వచ్చింది.

మూత ఇంకా బిగించలేదు. పాట్ బి100కె, లీనియర్. పెడల్ ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ ఒకే వాల్యూమ్ ఉండే చోటు తిప్పుడులో ఇరవయ్యో వంతు దగ్గరే వచ్చేస్తోంది, వేలు కదిలితే అరుపే. ఏ100కె (లాగ్ రకం) తెచ్చి మార్చాలి.