నడుం నొప్పి, నిలబడి పనిచేసే బల్ల, మా అత్తయ్య పీట

ఎం51.16 అనే కోడ్‌ని ఈ పదకొండేళ్లలో ఎన్ని వేల సార్లు కొట్టి ఉంటానో నాకే లెక్క లేదు. నేను మెడికల్ కోడర్‌ని. అమెరికాలో ఎవరో డాక్టర్ రాసిన చార్ట్ చదివి, ఆ జబ్బుకీ ఆ చికిత్సకీ సరిపోయే కోడ్లు వేయడం నా పని, వాటిని బట్టే అక్కడ ఇన్సూరెన్స్ బిల్లు నడుస్తుంది. ఎం51.16 అంటే నడుం దగ్గర డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) దెబ్బతిని, కాల్లోకి వెళ్లే నరం నొక్కుకుపోవడం. 2023 జులైలో అదే సంగతి నా ఎంఆర్ఐ రిపోర్టులో చదివినప్పుడు, "నొప్పి 10కి 8" అని చార్టులో ఉన్నా ఆగకుండా నేను దాటిపోయిన వాళ్లందరూ గుర్తొచ్చారు.

మాది హైదరాబాద్‌లో నిజాంపేట. 2020 లాక్‌డౌన్‌లో డైనింగ్ టేబుల్ మీద పెట్టిన లాప్‌టాప్ మూడేళ్లు అక్కడే ఉండిపోయింది. రోజుకి తొమ్మిది గంటలు, టార్గెట్ ఉన్న రోజుల్లో ఇంకో గంట, ప్లాస్టిక్ కుర్చీలో ఒక కాలు మడిచి పెట్టుకుని కూర్చునేదాన్ని. నడుం అప్పుడప్పుడు పట్టేసేది, బామ్ రాసుకుని పడుకుంటే పొద్దున్నకి తగ్గేది. ఒక రోజు గుమ్మం దగ్గర పెట్టిన 20 లీటర్ల నీళ్ల క్యాన్‌ని వంగి ఎత్తాను. నడుంలో ఏదో జారినట్టయింది, అంతే. అసలు నొప్పి రెండు రోజుల తర్వాత మొదలైంది, అదీ నడుంలో కాదు. ఎడమ పిర్రలో మొదలై, తొడ పక్కగా దిగి, పిక్క బయటివైపు నుంచి పాదం మీదుగా బొటనవేలి దాకా, కరెంటు తీగ లాగినట్టు. తుమ్మితే కళ్లలో నీళ్లు తిరిగేవి. బాత్రూంలో కూర్చుంటే లేవడానికి మా ఆయన్ని పిలవాల్సి వచ్చింది.

డాక్టర్ గారు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఎడమ కాలు పైకి ఎత్తారు. కాస్త ఎత్తారో లేదో కేక పెట్టాను. తర్వాత "బొటనవేలు పైకి లేపి ఉంచమ్మా, నేను కిందికి నొక్కుతాను, ఆపు" అన్నారు. కుడి వేలు ఆపింది. ఎడమది ఆపలేకపోయింది, నా వేలే నా మాట వినకపోవడం కళ్లారా చూశాను. నొప్పికి లేని భయం అప్పుడు పుట్టింది. నడుం దగ్గర వెన్నులో ఎల్4, ఎల్5 అనే ఎముకల మధ్య డిస్క్ బయటికి ఉబ్బి ఎల్5 నరాన్ని నొక్కుతోందని స్కాన్‌లో తేలింది. ఆపరేషన్ మాట ఎత్తగానే ఆయన నెమ్మదిగా చెప్పారు, చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, వ్యాయామంతో తగ్గుతుంది, ముందు చూద్దాం అని. కానీ మూత్రం ఆగిపోయినా, తెలియకుండా అయిపోయినా, రెండు తొడల మధ్య కూర్చునే చోట మొద్దుబారినా, పాదం బొత్తిగా లేవకుండా వేలాడినా ఒక్క పూట కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి రావాలని గట్టిగా చెప్పారు. ఈ మాటలు మీరూ గుర్తుపెట్టుకోండి.

నెల రోజులు మంచం దిగకూడదనుకున్నాను. తణుకు నుంచి వచ్చిన మా అత్తయ్య కూడా "అమ్మాయ్, కదలకు, నేనున్నాగా" అని వంటిల్లు తీసేసుకున్నారు. ఫిజియో అమ్మాయి మాత్రం నాలుగో రోజే లేపి నడిపించింది. ముందు బోర్లా పడుకుని ఊరికే ఊపిరి తీసుకోవడం, తర్వాత మోచేతుల మీద లేవడం, ఆ తర్వాత చేతులు చాపి ఛాతీ ఎత్తడం. "నొప్పి పాదం నుంచి పిక్కకి, పిక్క నుంచి తొడకి వెనక్కి వస్తోందా మేడమ్? అలా వస్తుంటే మంచిదే, నడుంలో కాస్త పెరిగినా కంగారు పడకండి" అనేది. అలాగే జరిగింది. మూడో వారానికి పాదంలో మంట పోయింది, ఐదో వారానికి పిక్కలో లాగడం తగ్గింది. నరాల నొప్పికి ఇచ్చిన మాత్రలతో పగలంతా మత్తుగా ఉండేది, డాక్టర్ గారు మోతాదు కొంచెం కొంచెంగా దించారు. ఇంటర్‌నెట్‌లో చూసి హఠాత్తుగా మానేయకండి.

ఆరో వారం పని మొదలుపెట్టాలి. పదిహేను నిమిషాలు కూర్చుంటే చాలు, పిర్రలో మళ్లీ లాగడం మొదలయ్యేది, నిలబడితే తగ్గేది. ఉన్న లీవులన్నీ అయిపోయాయి. ఏం చేయాలో తెలియక అటక మీదున్న నా పాత కోడింగ్ పుస్తకాలు దింపించాను. ఏటా అక్టోబర్ 1న జబ్బుల కోడ్లు మారిపోతాయి కాబట్టి పాత సంవత్సరాల పుస్తకాలు ఎందుకూ పనికిరావు, కానీ ఒక్కోటీ ఇటుక లాగా ఉంటుంది. డైనింగ్ టేబుల్ ఎత్తు 76 సెంటీమీటర్లు. దాని మీద పుస్తకాలు పేర్చి, పైన కీబోర్డు పెట్టి నిలబడి చూశాను. నాలుగు పెడితే వంగాల్సి వచ్చింది, ఆరు పెడితే భుజాలు చెవుల దగ్గరికి పోయాయి, ఐదుకి మోచేతులు సరిగ్గా ఎల్ ఆకారంలో వంగి, భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. టేపు పెట్టి కొలిస్తే 98 సెంటీమీటర్లు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. నిలబడటానికి అదే నా అంకె. కూర్చున్నప్పటి అంకె కూడా అప్పుడే కొలిచి ఉంటే తర్వాతి పొరపాటు జరిగేది కాదు.

నేను పుస్తకాల మీద పనిచేయడం చూడలేక మా ఆయన ఆ వారమే ఆన్‌లైన్‌లో ఎత్తు పెంచుకుని, దించుకునే ఒక మోటార్ బల్ల ఆర్డర్ పెట్టేశారు. మంచి మనసుతో చేసిన పనే. 80 కిలోలు మోస్తుందనీ, 117 సెంటీమీటర్ల దాకా లేస్తుందనీ, నాలుగు ఎత్తులు గుర్తుపెట్టుకుంటుందనీ అందులో ఉంది. నిలబడి చేసినప్పుడు స్వర్గంలా ఉంది. కిందికి దించి కూర్చుంటే మాత్రం మెడా భుజాలూ పట్టేశాయి. రెండు రోజులు కుర్చీదే తప్పనుకున్నాను. మూడో రోజు టేపు తీశాను. కుర్చీలో పాదాలు నేలకి ఆనించి కూర్చుంటే నా మోచేయి నేల నుంచి 62 సెంటీమీటర్లు. బల్ల ఎంత దించినా 73న్నర దగ్గర ఆగిపోతుంది. అమ్మేవాళ్లు 71 అని రాసిన మాట నిజమే, కానీ అది ఇనప ఫ్రేమ్ ఎత్తు, పైన చెక్క మందం రెండున్నర సెంటీమీటర్లు అందులో కలపలేదు.

బల్ల దిగకపోతే కుర్చీ లేపాలి. పదకొండున్నర సెంటీమీటర్లు లేపితే పాదాలు గాల్లో వేలాడాయి, కుర్చీ అంచు తొడల కింద నొక్కింది, గంటలో ఎడమ కాలు తిమ్మిరెక్కింది. మొహం మాడ్చుకుని కూర్చున్న నన్ను చూసి మా అత్తయ్య ఏమీ మాట్లాడకుండా వంటింట్లోంచి తను కూరలు తరుక్కునేటప్పుడు వేసుకునే పీట తెచ్చి నా కాళ్ల కింద పెట్టారు. టేకు పీట, మధ్యలో కాస్త అరిగి నున్నగా అయిపోయి ఉంటుంది, ఎత్తు నాలుగున్నర అంగుళాలు. సెంటీమీటర్లలో వేసుకుంటే దాదాపు పదకొండున్నర. పాదాలు దాని మీద ఆనగానే తొడల కింద ఒత్తిడి పోయింది. ఆవిడ "సరిపోయిందా?" అని అడిగి వెళ్లిపోయారు, నేను ఆ పీట వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

పీటతో గడిచిపోతుంది, చాలామందికి అది చాలు కూడా. కానీ కాళ్లు చాపుకోవడానికి చోటుండదు, పీట మీద నుంచి కాలు జారిన ప్రతిసారీ నడుం మెలిక పడేది. నరం ఇంకా మానుతున్న దశలో అది వద్దని ఫిజియో చెప్పింది. అందుకే గడువు దాటకముందే తీసుకెళ్లే చార్జీలు కట్టి ఆ బల్ల వాపస్ చేశాం, ఈసారి టేపు పట్టుకుని వెతికాం.

ఈ వెతుకులాటలో తెలిసినవి చెప్తాను. ఒక్కో కాలూ రెండు గొట్టాలతో చేసిన బల్లలు ఎక్కువగా 70 పైనే ఆగిపోతాయి. ఒకదాంట్లో ఒకటి దూరే మూడు గొట్టాలుంటే 60 దాకా దిగుతాయి, పైకి కూడా ఎక్కువ లేస్తాయి. ప్రకటనల్లో పెద్దక్షరాలతో ఉండేది పై ఎత్తు, ఆరడుగుల మనిషికి పనికొచ్చే అంకె అది. మన ఇళ్లలో ఐదడుగుల ఆడవాళ్లకి కావలసింది కింది ఎత్తు, అది వెతికితే గానీ దొరకదు. మా ఆయన ఐదడుగుల పది అంగుళాలు, నిలబడితే ఆయన మోచేయి 112 దగ్గర వచ్చింది, 125 దాకా లేచే ఫ్రేమ్ ఇద్దరికీ సరిపోయింది. బరువు విషయంలో అంత టెన్షన్ అక్కర్లేదు. చెక్క, రెండు మానిటర్లు, లాప్‌టాప్ అన్నీ కలిపినా నాది 30 కిలోలు దాటలేదు. రెండు మోటార్లు ఉంటే త్వరగా, చప్పుడు తక్కువగా లేస్తుంది, అందుకే తీసుకున్నాం, కానీ డబ్బులు చూసుకోవాలంటే నేనైతే ఒక మోటార్ తగ్గించుకుంటాను గానీ కింది ఎత్తు వదులుకోను.

ఫ్రేమ్ ఒక్కటే 24,000 పెట్టి కొని, పైచెక్క మా వీధి కార్పెంటర్‌తో చేయించాం. 25 ఎంఎం ప్లైవుడ్, మెరుపు లేని సన్‌మైకా, ఎందుకంటే మెరిసేది వేస్తే ట్యూబ్‌లైట్ కళ్లలో కొడుతుంది. ముందు అంచుని మాత్రం గుండ్రంగా చిత్రిక పట్టమని దగ్గరుండి చేయించాను, పదును అంచు మణికట్టు కింద గంటల తరబడి నొక్కితే అదింకో జబ్బు. 60కి చెక్క మందం రెండున్నర కలిపితే 62న్నర. కూర్చుని చేతులు పెట్టగానే తేడా తెలిసిపోయింది, భుజాలు ఎక్కడున్నాయో నాకు గుర్తే లేదు.

పెట్టె 30 కిలోల పైనే ఉంది, నన్ను ముట్టుకోనివ్వలేదు. బిగించాక మొదటిసారి పైకి లేపుతుంటే మా పాప "అమ్మా, వైరు!" అని అరిచింది. మానిటర్ వైరు గోడ సాకెట్‌కి బిగిసి, మానిటర్ ముందుకి ఒరుగుతోంది. ఇప్పుడు స్పైక్ బస్టర్‌ని చెక్క అడుగునే స్క్రూలతో బిగించి అన్ని వైర్లూ అందులోనే పెట్టాం, గోడకి వెళ్లేది పొడవాటి వైరు ఒక్కటే. కరెంటు పోతే బల్ల ఎక్కడుంటే అక్కడే ఆగిపోతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైన్‌కి కలిపాం. లాప్‌టాప్ వాడేవాళ్లు స్టాండు, విడి కీబోర్డు తప్పకుండా కొనాలి. తెర పై అంచు కళ్లకి ఎదురుగా, కీబోర్డు మోచేయి ఎత్తులో ఉండాలి, లాప్‌టాప్ ఒక్కదానితో ఈ రెండూ కుదరవు.

తర్వాత నేను చేసిన తప్పు అత్యాశ. కూర్చోవడమే నా శత్రువనుకుని మొదటి వారం ఏకబిగిన మూడు గంటలు నిలబడ్డాను. మడమలు మండాయి, నడుం మళ్లీ బిగిసింది. ఫిజియోకి చెప్తే కోప్పడింది. ఆ రాత్రి కూర్చుని చదివితే అసలు విషయం తెలిసింది. 1999లో జర్మనీలో విల్కే అనే పరిశోధకుడి బృందం ఒక మనిషి ఎల్4-ఎల్5 డిస్క్‌లోనే సెన్సర్ పెట్టి ఒత్తిడి కొలిచింది. నిలబడితే 0.5 మెగాపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం), బిగుసుకోకుండా వదులుగా కూర్చుంటే దాదాపు అంతే, ఇంకాస్త తక్కువ కూడా. నడుం వంచి 20 కిలోలు ఎత్తితే 2.3. నా నీళ్ల క్యాన్ బరువు అదే, నా డిస్క్ కూడా అదే. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. కొలిచింది ఒక్క మనిషి మీదే అయినా, నిలబడటం మందు కాదనీ, ఏ భంగిమలోనూ గంటల తరబడి పాతుకుపోకూడదనీ నాకు అర్థమైంది.

ఇప్పుడు అరగంట కూర్చోవడం, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నిలబడటం, మధ్యలో నీళ్లు తాగడానికి వంటింటి దాకా నడవడం. ఇంట్లో టైల్స్ మీద వట్టికాళ్లతో నిలబడను, మెత్తటి చెప్పులు వేసుకుంటాను. నిలబడినప్పుడు ఒక కాలు నేల మీద, ఇంకో కాలు పీట మీద పెట్టి, ఐదు నిమిషాలకోసారి మార్చుకుంటాను. అలా పెడితే నడుం దగ్గర బిగువు వెంటనే సడలుతుంది, ఇది ఫిజియో చెప్పిందే. అత్తయ్య తణుకు వెళ్లేటప్పుడు పీట అడగలేదు, "అక్కడ ఇంకోటుందిలే" అన్నారు.

నీళ్ల క్యాన్ ఇప్పుడు మా ఆయనే ఎత్తుతారు, ఆయన లేకపోతే చిన్న బిందెలోకి వంపుకుంటాను. రోజూ ముప్పావుగంట నడుస్తున్నాను. ఎడమ బొటనవేలి పక్కన రూపాయి బిళ్లంత చోట మాత్రం ఇంకా మొద్దుగానే ఉంది, నరం అన్నిటికంటే ఆలస్యంగా కోలుకుంటుంది, కొంచెం ఉండిపోయినా ఉండిపోవచ్చని డాక్టర్ గారు అన్నారు. బలం మాత్రం వచ్చింది. రాత్రి పడుకునే ముందు మా పాప వచ్చి నా వేలిని తన వేలితో నొక్కుతుంది, నేను ఆపుతాను. నిన్న అది రెండు చేతులూ పెట్టి నొక్కినా వేలు కిందికి దిగలేదు.