మాటలు వేయునేల: అప్పన్న నిజరూపం చూసొచ్చాక

చందనోత్సవానికి సింహాచలం కొండెక్కి దిగి ఇంటికొచ్చానో లేదో అమ్మ అడిగేసింది, "ఏట్రా, ఎలాగున్నాడు స్వామి?" అని. మోకాళ్ల నొప్పులతో ఈ ఏడు తను రాలేకపోయింది. నేను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో అలాగే నిలబడిపోయాను, ఎందుకంటే నాకేం గుర్తులేదు. అర్ధరాత్రి నుంచి క్యూలో నిలబడి, వైశాఖం ఉక్కకి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, తీరా గర్భాలయం ఎదురుగా వచ్చేసరికి వెనక జనం తోపు, మహా అయితే రెండు సెకన్లు చూసుంటాను. దీపం వెలుగులో రాయి మెరిసింది, పక్కాయన "అప్పన్నా" అని గట్టిగా అరిచాడు, గుప్పున చందనం వాసన, అంతే, బయటున్నాను. "బాగున్నాడమ్మా" అన్నాను. "బాగుండకేటి" అనేసి లోపలికెళ్లిపోయింది.

వైజాగ్ బయటివాళ్ల కోసం ఒక ముక్క. మేం అప్పన్న అని పిలిచే వరాహలక్ష్మీనరసింహుడు ఏడాదంతా చందనం కింద లింగంలా ఉంటాడు, అక్షయ తృతీయ ఒక్కరోజే ఆ చందనం ఒలిచి అసలు రూపం చూపిస్తారు, రాత్రికి మళ్లీ 3 మణుగులు, అంటే సుమారు 125 కేజీల చందనం పూస్తారు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి 3 మణుగుల చొప్పున ఇంకో మూడు విడతలు. ఉగ్రరూపం కదా, చల్లబరచాలి అంటారు పెద్దలు.

ఆ రాత్రి నిద్ర పట్టక, చూసింది గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నిస్తుంటే, స్వామి రాలేదు గానీ పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి పద్యం వచ్చింది, టెన్త్‌లో బట్టీ కొట్టినది:

మందార మకరంద మాధుర్యమునఁ దేలు
మధుపంబు వోవునే మదనములకు?

మందార తేనెలో తేలే తుమ్మెద ఉమ్మెత్తలకి పోతుందా అని. అక్కడ నుంచి మందాకిని అలల మీద రాయంచ వాగులకి, మామిడి చిగురు తిన్న కోయిల కుటజాలకి, వెన్నెల తాగే చకోరం మంచుకి పోతాయా అని. ఇన్నేళ్లూ ఇది దేవుణ్ణి పొగిడే పద్యం అనుకున్నాను. చీకట్లో మనసులో రెండుసార్లు చదువుకుంటే తెలిసింది, ఇందులో స్వామి ఎలా ఉంటాడో ఒక్క ముక్క లేదు! బొడ్డున పద్మమున్నవాడు, పాదాలు పద్మాల్లాంటివి అన్నాడు, అంతే. మిగతాదంతా చూసినవాడి పరిస్థితే. తుమ్మెద తేలుతోంది, హంస తూగుతోంది, కోయిల చొక్కుతోంది, వరసగా చూస్తే ఇవి తాగినోడి లక్షణాలండీ (పోతన గారు మన్నించాలి), నేను కల్పించి చెప్పడం లేదు, చివర్లో ఆయనే "చింతనామృత పానవిశేష మత్త చిత్తము", అంటే స్మరణ అనే అమృతం తాగి మత్తెక్కిన మనసు, అని తేల్చేశాడు. సంస్కృత మూలంలో ఈ చోట ప్రహ్లాదుడు చెప్పేది అయస్కాంతం పోలిక, ఇనుము దానంతటదే లాక్కుపోయినట్టు నా మనసు హరివైపు పోతోంది అంటాడు, ఉక్కు ఊళ్లో పెరిగిన నాకు ఆ పోలికా నచ్చుతుంది. కానీ ఇనుముకి రుచి తెలీదు కదా. పోతన రుచి పెట్టాడు.

ఇంకా తమాషా ఏంటంటే, ఇన్ని బొమ్మలు గీసేసి ఆఖర్న ఆ పిల్లాడి చేత "మాటలు వేయు నేల?" అనిపిస్తాడు. ఎదురుగా ఉన్నది గురువులు, వాళ్ల వెనక తండ్రి భయం, వాళ్లకి ఇంతకంటే ఎలా చెప్తాడు?

అందరికీ తియ్యగానే వస్తుందనీ కాదు. ఇదే కొండ మీద స్వామిని 18వ శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథ కవి వాయించి వదిలాడు. తురక సైన్యం గుడి మీదకి వస్తుంటే ఏం చేస్తున్నావయ్యా అని శతకం మొత్తం నిలదీతే, ప్రతి పద్యం చివర "వైరిహర రంహ సింహాద్రి నారసింహ" అని పిలుపు. అప్పుడు తుమ్మెదల దండు లేచి సైన్యాన్ని తరిమేసిందని మా వైపు చెప్పుకుంటారు. పోతన తుమ్మెద తేనె వదలదు, ఈ తుమ్మెదలు శత్రువుని వదల్లేదు. కోపమైనా మైకమైనా, ఆయన ఎలా ఉన్నాడో ఇద్దరూ చెప్పలేదు, తమకేమైందో చెప్పారు.

పొద్దున్న ప్రసాదం చందనం పొట్లం అమ్మ చేతికిచ్చి ఈ పద్యం సంగతి చెప్తే, తను వాసన చూస్తూ మొదలుపెట్టేసింది, నాకంటే బాగా వచ్చు. "కోయిల సేరునే కుటజములకు" దగ్గర ఆగి, "కుటజం అంటే ఏట్రా?" అంది.

"కొండమల్లె అమ్మా."

"కొండమల్లె బాగానే ఉంటాది కదరా, కోయిలకేం రోగం?"

నిజమే మరి. వాగులు, మంచు, కొండమల్లె, పోతన పక్కన పెట్టినవాటిలో చెడ్డవి పెద్దగా లేవు. ఆ మాటే చెప్పబోతుంటే అమ్మ పొట్లం మడిచి దేవుడి గూట్లో పెట్టి, "అదంతా సరేగానీ, ఇంతకీ ఎలాగున్నాడు స్వామి?" అని మళ్లీ అడిగింది.