జుట్టు నిలుపుకోవాలనుకున్నాను

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత వారం వారం పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించాలన్నారు డాక్టరు. "జుట్టు ఊడిపోతుందా సార్?" అని అడిగితే, పక్కనున్న మా వదిన "ప్రాణం ముఖ్యమా, వెంట్రుకలు ముఖ్యమా?" అనేసింది. నాకు రెండూ కావాలి. మా కర్నూలులో ఆడమనిషి గుండుతో కనిపిస్తే "తిరుపతికి పోయొచ్చినావా?" అంటారు. రెండో మాటకే సంగతి బయటపడుతుంది. నా జబ్బు గురించి ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నేనే తేల్చుకోవాలి కదా. పైగా నేను బడిలో టీచర్‌ని.

స్కాల్ప్ కూలింగ్ గురించి డాక్టరే చెప్పారు. మాకు హైదరాబాద్‌లో దొరికింది. మందు ఎక్కేటప్పుడు చల్లటి టోపీ పెట్టి తలను చల్లబరిస్తే అక్కడి రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్లకు మందు తక్కువగా చేరుతుంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు చేసిన పరీక్షలో ఈ టోపీ పెట్టుకున్నవాళ్లలో సగం మందికి పైగా జుట్టు నిలిచిందట. బ్లడ్ క్యాన్సర్లకు వాడరు. డాక్సోరూబిసిన్, అదే ఎర్రమందు, ఎక్కించుకునేవాళ్లకు ఫలితం తక్కువ. పక్క బెడ్‌లో ఉన్న నంద్యాల అక్కకు ఆ మందే. ఆమె ముందే తిరుమల వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చింది. ఆమె ధైర్యానికి దండం పెట్టాలనిపించింది.

కీమో మందు ఎక్కించడానికి అరగంట ముందే నర్సు జుట్టు తడిపి, కండిషనర్ రాసి, టోపీ బిగించేది. మొదటి పది నిమిషాలే నరకం. నుదురు ఐసు ముక్క కొరికిన పన్నులా జివ్వున లాగేది. తర్వాత మొద్దుబారేది. మా జేజి కంబళి కప్పుకుని కూర్చునేదాన్ని. మందు అయిపోయినా టోపీ వెంటనే తియ్యకూడదు. టోపీని చల్లబరిచే మెషిన్ ఇంకాసేపు నడవాలి. ఆపాక కూడా జుట్టుకు పట్టిన మంచు కరిగేదాకా ఆగాలి, లాగితే వెంట్రుకలు ఊడొస్తాయి.

ఇంట్లో గోరువెచ్చటి నీళ్లు, వెడల్పు పళ్ల దువ్వెన, వదులు జడ. మూడో వారంలో దిండు మీద వెంట్రుకలు చూసి చాలా టెన్షన్ పడ్డాను. నడినెత్తిన రూపాయి బిళ్లంత ఖాళీ వచ్చింది. అక్కడ టోపీ తలకు ఆనలేదని నర్సు కనిపెట్టి చిన్న సైజు తెచ్చింది. మిగతా జుట్టు పలచబడింది కానీ, నిలిచింది.

ఖర్చు ఎక్కువే. మా ఇన్సూరెన్స్‌లో రాలేదు. డబ్బున్నవాళ్లకే దక్కే సౌకర్యంగా ఇది మిగిలిపోవడం నాకు బాధ.

కీమో అంతా అయ్యాక స్టాఫ్ రూమ్‌లో నేనే చెప్పాను. హెడ్‌మాస్టర్ గారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పదో తరగతి పీరియడ్లు తగ్గించనా అమ్మా?" అన్నారు. వద్దన్నాను.