కష్టమైన బేస్ పాట నేర్చుకోవాలంటే ముందు వాయించినాయన కుడి చెయ్యి చూడండి

బేస్ గిటార్ (పాట కింద లావు స్వరాలు మోగించే గిటార్) మీద ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ మ్యూజ్ వాళ్ళ హిస్టీరియా పాట ఎలా నేర్చుకోవాలి అని అడిగేవాళ్ళు దాదాపు అందరూ ఎడమ చేతి గురించే అడుగుతారు, ఏ స్ట్రింగ్, ఏ ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు గీత), ఏ వేలు అని. ఆ నోట్స్ నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి, కాస్త ఓపిక ఉన్నవాళ్ళకి ఒక శని ఆదివారాల్లో కంఠతా కూడా వచ్చేస్తాయి. తర్వాత పాట పెట్టుకుని కలిసి వాయిద్దామని కూర్చుంటే రెండో లైన్‌కే మోచెయ్యి కింద కండ పట్టేస్తుంది, ఇంక అక్కడితో ఈ పాట మనవల్ల కాదులే అని గిటార్ పక్కన పెట్టేస్తారు. నేను గట్టిగా నమ్మేది ఏంటంటే బేస్‌లో కష్టమైన పాటలు ఒక్కోటీ ఒక్కో మనిషి చేతిలోంచి పుట్టినవి, ఆ చెయ్యి ఎలా కదిలిందో, ఎందుకలా కదిలిందో తెలుసుకుంటే పాట సగం లొంగుతుంది, తెలుసుకోకుండా ట్యాబ్ (ఏ స్ట్రింగ్, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసిన నొటేషన్) చూసి ఎంత రుద్దినా ఏదో వెలితిగానే ఉంటుంది.

హిస్టీరియానే తీసుకుందాం. 2003లో వచ్చిన అబ్సొల్యూషన్ ఆల్బమ్‌లోది, బేస్ క్రిస్ వోల్స్టెన్‌హోమ్. టెంపో నిమిషానికి సుమారు 94 బీట్లు, అంటే వినడానికి పెద్ద స్పీడ్ కాదు, కానీ రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే బేస్ ముక్క) అంతా సిక్స్‌టీన్త్ నోట్సే, అంటే బీట్‌కి నాలుగు, సెకనుకి ఆరు పైన పడుతుంటాయి, మధ్యలో చెయ్యి దింపుకోడానికి సందే ఉండదు. ఇక్కడ అలసిపోయేది బలం లేక కాదండీ, గట్టిగా కొట్టడం వల్ల. స్ట్రింగ్‌ని ఎంత గట్టిగా లాగితే వేలు అంత లోపలికి దిగిపోతుంది, తిరిగి బయటికి రావడానికి అంత టైమ్ పడుతుంది, ఆ టైమ్ మనకి లేదు. ఆంప్ వాల్యూమ్ పెంచి వేలు తేలిగ్గా ఆడించండి, స్ట్రింగ్‌ని తాకీ తాకనట్టు. మొదట్లో సౌండ్ పల్చగా ఉన్నట్టు అనిపిస్తుంది, రికార్డ్ చేసి వింటే మాత్రం గట్టిగా కొట్టినదానికంటే నోట్స్ విడివిడిగా, సమానంగా వినిపిస్తాయి.

ఇంకోటి, మెట్రోనోమ్ (టక్ టక్ అని బీట్ కొట్టేది) 60 దగ్గర మొదలుపెట్టి మెల్లమెల్లగా పెంచుకుంటూ పోవడం అందరూ చెప్పేదే, అది మంచిదే, కానీ దానొక్కదానితో పని అవ్వదు. స్లోగా వాయించేటప్పుడు చెయ్యి కదిలే తీరు వేరు, ఫాస్ట్‌లో వేరు. అందుకే ఒక్క బీట్‌కి సరిపడా నాలుగు నోట్లు తీసుకుని అసలు టెంపోలోనే వాయించి ఆగిపోవడం, చెయ్యి పూర్తిగా వదులు చేసుకుని మళ్ళీ ఆ నాలుగే, తర్వాత ఎనిమిది, తర్వాత ఒక బార్. ఇలా చేస్తే స్పీడ్‌లో చెయ్యి ఎక్కడ బిగుసుకుంటోందో వెంటనే తెలిసిపోతుంది.

ఇలాంటి పాటలకి చాలామంది రెండు వేళ్ళు చాలక మూడో వేలు కూడా దింపుతారు. దింపొచ్చు, కానీ అక్కడొక చిక్కుంది, అది మన కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవాళ్ళకి చిటికెలో అర్థమవుతుంది. పాట నడిచేది తకధిమి తకధిమి అని, వేళ్ళు తిరిగేది తకిట తకిట అని. బీట్ మీద ప్రతిసారీ వేరే వేలు వచ్చి పడుతుంది, మూడు బీట్లకి పన్నెండు నోట్లు అయ్యాకే మొదటి వేలు మళ్ళీ బీట్ మీదకి వస్తుంది. ఉంగరం వేలు బీట్ మీద పడ్డప్పుడల్లా సౌండ్ తగ్గితే పాట గుర్రం పరిగెత్తినట్టు డబడబ అంటుంది తప్ప సాఫీగా పోదు. నోటితో తకధిమి అంటూ, త దగ్గర మాత్రం కాస్త ఊనుతూ, ఒకే స్ట్రింగ్ మీద మూడు వేళ్ళూ తిప్పడం ప్రాక్టీస్ చెయ్యండి, పాట జోలికి తర్వాత వెళ్ళొచ్చు. మనకి చిన్నప్పటినుంచీ చెవిలో పడ్డ లెక్క ఇది, వాడుకోకపోతే ఎలా.

హిస్టీరియాలో బేస్ సౌండ్ అంతా డిస్టార్షన్‌తో, అంటే కావాలనే గరగరలాడేలా ఉంటుంది, దానివల్ల పొరపాటున మోగిన స్ట్రింగ్ కూడా అసలు నోట్ అంత పెద్దగా వినిపిస్తుంది. కుడి బొటనవేలిని పికప్ (స్ట్రింగ్స్ కింద సౌండ్ పట్టే భాగం) మీద పాతేసినట్టు ఉంచకుండా, వాయించే స్ట్రింగ్‌తో పాటు కిందకీ పైకీ జరుపుతూ వెనక వదిలేసిన లావు స్ట్రింగ్స్ మీద ఆనించి ఉంచండి.

సరే, ఇప్పుడు దీనికి పూర్తిగా ఉల్టా కేసు. అమెరికన్ ఫంక్ బ్యాండ్ టవర్ ఆఫ్ పవర్ వాళ్ళ వాట్ ఈజ్ హిప్, 1973. ఇది కూడా సిక్స్‌టీన్త్‌లే, కానీ హిస్టీరియా వాయించిన చేత్తో దీన్ని వాయిస్తే నోట్లన్నీ కరెక్టే అయినా పాట రాదు. ఆ బ్యాండ్ బేసిస్ట్ రాకో ప్రెస్టియా గారి మహిమ ఎడమ చేతిలో ఉంది. ఒక వేలితో ఫ్రెట్ నొక్కి మిగతా వేళ్ళని స్ట్రింగ్ మీద ఊరికే ఆనించి ఉంచేవారు, దాంతో ప్రతి నోటూ పుట్టగానే ఆగిపోతుంది, బేస్‌కీ డ్రమ్‌కీ మధ్య ఉండే ఏదో వాయిద్యంలా టకటకా వినిపిస్తుంది. డేవిడ్ గరిబాల్డీ డ్రమ్స్ పక్కన నోట్ సాగదీస్తే ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఒక్కసారి ట్రై చేస్తే మీకే తెలుస్తుంది. నోట్ ఎప్పుడు మొదలవ్వాలి అని అందరం ఆలోచిస్తాం, ఎప్పుడు ఆగాలి అనేది కూడా అంతే ముఖ్యం అని నాకు ఈ పాట నేర్పించింది.

ఇంక నా మనసుకి అన్నిటికంటే దగ్గరైన మనిషి దగ్గరికి వస్తా. జేమ్స్ జేమర్సన్, డెట్రాయిట్, మోటౌన్ రికార్డ్ కంపెనీ. ఆ కంపెనీ హిట్లలో లెక్కలేనన్నిటికి బేస్ ఆయనదే, కానీ రికార్డ్ అట్ట మీద ఆ మ్యుజీషియన్లకి పేరు వేసింది 1971లో మార్విన్ గే వాట్స్ గోయింగ్ ఆన్ ఆల్బమ్‌తోనే. ఆ టైటిల్ సాంగ్‌లో బేస్‌ని ఆయన స్టూడియో నేల మీద వెల్లకిలా పడుకుని వాయించారని చెప్తారు. ట్యాబ్‌లో చూస్తే నోట్లు మరీ ఎక్కువేం కావు, స్పీడ్ కూడా మామూలే, కానీ నేను ఎక్కువ కాలం గడిపింది ఈ పాటతోనే, ఇప్పటికీ దీని దగ్గరికే వెళ్తుంటా.

ఎందుకంటే ఆయన కుడి చేత్తో వాడింది ఒక్క చూపుడు వేలే. అవును, ఒక్కటే. దానికి హుక్ అని పేరు కూడా పెట్టారు. ఆయన మొదట నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్ మనిషి, ఆ అలవాటే ఎలక్ట్రిక్ బేస్‌లోకి వచ్చింది. ఆయన వాడింది 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్, లావుపాటి లా బెల్లా ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ (పైన నున్నగా ఉండే తీగలు), వాటిని తెగితే తప్ప మార్చేవారు కాదు. ఇప్పుడు ఇవన్నీ కలిపి చూడండి. ఒక్క వేలు కాబట్టి సన్న స్ట్రింగ్ నుంచి లావు స్ట్రింగ్‌కి వచ్చేటప్పుడు అదే వేలు జారి పడుతుంది, ఆ జారడంలో ఒక వాలు ఉంటుంది, రెండు వేళ్ళు మార్చి మార్చి వాయిస్తే ఆ వాలు పోతుంది. డబుల్ బేస్ అలవాటు కాబట్టి దారిలో ఓపెన్ స్ట్రింగ్స్ (ఫ్రెట్ నొక్కకుండా మోగించేవి) విపరీతంగా వాడేవారు, ఓపెన్ స్ట్రింగ్ మోగే లోపు ఎడమ చెయ్యి తాపీగా కొత్త చోటికి జరుగుతుంది. వాట్స్ గోయింగ్ ఆన్ ఉన్నది ఇ మేజర్‌లో, కాబట్టి ఇ, ఎ ఓపెన్ స్ట్రింగ్స్ రెండూ చక్కగా పనికొస్తాయి. మీ దగ్గరున్న ట్యాబ్‌లో అదే ఎ నోట్ ఇ స్ట్రింగ్ ఐదో ఫ్రెట్ మీద రాసి ఉంటే దాన్ని పక్కన పెట్టి ఓపెన్‌లో వాయించి చూడండి, చెయ్యి ఎంత సుఖపడుతుందో.

ఫ్లాట్‌వౌండ్ స్ట్రింగ్స్ కొనాలంటే మన దగ్గర మామూలు సెట్ కంటే ధర ఎక్కువే. అప్పటిదాకా గిన్నెలు తోముకునే స్పాంజ్ కొత్తది ఒకటి తీసుకుని సన్నగా కోసి బ్రిడ్జ్ (కుడి చేతి వైపు స్ట్రింగ్స్ కట్టే చోటు) దగ్గర స్ట్రింగ్స్ కింద దోపండి. పాత ప్రెసిషన్ బేస్‌లలో బ్రిడ్జ్ మూత కింద మోత తగ్గించే ఫోమ్ ముక్క ఉండేది, ఇదీ అదే పని చేస్తుంది. తర్వాత మధ్య వేలు మడిచేసుకుని ఒక్క చూపుడు వేలితో పాట మొత్తం వాయించండి. నాకు అలా వాయించిన రోజే ఆ లైన్లో కొన్ని నోట్లు ఎందుకంత ఆలస్యంగా, బరువుగా వస్తాయో చేతికి తెలిసింది, అప్పటిదాకా చెవికి మాత్రమే తెలుసు. ఆ పాట అంటే నాకున్న ప్రేమ ఆ రోజునుంచీ వేరే స్థాయికి వెళ్ళిపోయింది, నిజంగా చెప్తున్నా.

వినడం గురించి కూడా ఒక మాట. ఫోన్ స్పీకర్‌లో బేస్ నేర్చుకోకండి, ఓపెన్ ఇ స్ట్రింగ్ సుమారు 41 హెర్ట్జ్, ఆ బుల్లి స్పీకర్ అంత కిందకి దిగలేదు, మీకు వినిపించేది ఆ నోట్‌తో పాటు పైన మోగే సన్న స్వరాలే. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళకి పక్కింటివాళ్ళతో స్నేహం కూడా నిలుస్తుంది. నోట్ ఏదో తేలకపోతే ఏదైనా ఆడియో యాప్‌లో పాటని ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) పైకి లేపి వినండి, బేస్ లైన్ గిటార్ రేంజ్‌లోకి వచ్చి స్పష్టంగా వినిపిస్తుంది. ఇళయరాజా గారి పాటల మీద ఈ పని చేస్తే మతి పోతుంది, ఆయన ఏ వాయిద్యానికి ఆ వాయిద్యం నొటేషన్ తనే రాసిచ్చే మనిషి కదా, బేస్ కూడా పాట కింద ఇంకో పాటలా నడుస్తుంటుంది, మనం ఇన్నేళ్ళూ పాడుకున్న పాటే కొత్తగా వినిపిస్తుంది.

ఎడమ చెయ్యి చిన్నగా ఉందని బాధపడేవాళ్ళకి: మామూలు బేస్ స్కేల్, అంటే మోగే స్ట్రింగ్ పొడవు, 34 అంగుళాలు, నట్ (మెడ పై చివర స్ట్రింగ్స్ ఆనే చోటు) నుంచి నాలుగో ఫ్రెట్ దాకా దాదాపు ఏడు అంగుళాలు, అక్కడ ఫ్రెట్‌కొక వేలు పెట్టాలని పట్టుబడితే మణికట్టు నొప్పే మిగులుతుంది. ఆ కింద పొజిషన్లలో చూపుడు, మధ్య, చిటికెన వేళ్ళతో మూడు ఫ్రెట్లు చాలు, డబుల్ బేస్ వాళ్ళు వాయించేది అలాగే. నొప్పి వస్తే ఆపేయండి, అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు.

ప్రస్తుతం నేను జాజ్ ఫ్యూజన్ బ్యాండ్ వెదర్ రిపోర్ట్ వాళ్ళ టీన్ టౌన్ మీద ఉన్నా, 1977 హెవీ వెదర్ ఆల్బమ్‌లోది. వాళ్ళ బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ఈ ట్రాక్‌లో డ్రమ్స్ కూడా తనే వాయించాడు. అసలు చిన్నప్పుడు డ్రమ్మరే, అమెరికన్ ఫుట్‌బాల్‌లో మణికట్టుకి దెబ్బ తగిలాక బేస్‌కి మారాడు. కాబట్టి ముందు బేస్ ముట్టుకోకుండా ఆ హై హ్యాట్ (డ్రమ్స్‌లో కాలితో మూసి తెరిచే జత తాళాలు) నడకని తొడ మీద వేళ్ళతో కొడుతూ బేస్ లైన్ నోటితో పాడుతున్నా, అది తడబడకుండా కుదిరిన బార్లు మాత్రమే గిటార్ మీదకి తెచ్చుకుంటున్నా. పికప్ దగ్గర కాకుండా బ్రిడ్జ్ వైపుకి చెయ్యి జరిపి వాయిస్తే ఆ గట్టి, పొట్టి సౌండ్ కొంచెం కొంచెం దొరుకుతోంది. అక్కడ స్ట్రింగ్ బిగుతుగా ఉంటుంది కాబట్టి వేలి దెబ్బ మళ్ళీ కొత్తగా అలవాటు చేసుకోవాలి, ఇప్పుడు రోజూ ముందు చేస్తున్నది అదే.