బరువు తగ్గిన ఏడో నంబరు ముక్క

మా ల్యాబులో 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో పన్నెండు సీసాలు ఉన్నాయి. ఒక్కోదానిలో ఒక గ్లాస్ ఫైబర్-ఎపాక్సీ ముక్క (ఎపాక్సీ అనే గట్టిపడే రెజిన్‌లో గాజు పోగులు), అది మునిగేంత ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం. పీహెచ్ 7.4, రక్తానికి దగ్గరగా. విరిగిన ఎముకను పట్టి ఉంచే ప్లేటుగా ఈ పదార్థం పనికొస్తుందా అన్నది నా పీహెచ్‌డీ. స్టీలు ప్లేటు ఎముక కంటే దాదాపు పది రెట్లు బిరుసు. భారమంతా అదే మోసేస్తే కింద ఎముక నీరసిస్తుంది. మా ముక్కకు అంత బిరుసు లేదు, బాగానే ఉంది. కానీ ఇది నీళ్లు పీలుస్తుంది.

"ఆ ముక్కలు ఇంకా ఊరలేదా?" అని అమ్మ ఫోనులో అడుగుతుంది. ఆమెది ఆవకాయ లెక్క.

తూచే రోజు, మే నెలైనా సరే, ఫ్యాను ఆపేస్తాను. లేకపోతే బ్యాలెన్స్‌లో నాలుగో దశాంశం నిలవదు. ముక్కను డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఉప్పు మిగిలితే అదీ బరువే. టిష్యూతో అద్ది నిమిషంలోపు తూచాలి.

ఏడో నంబరు ముక్క పొడిగా 1.5230 గ్రాములు. నెలకు 1.5372 అయింది. పెరిగిన బరువును కాలం వర్గమూలానికి ఎదురుగా గీస్తే మొదట తిన్నని గీత, తర్వాత మెల్లగా చదును. పదార్థంలోకి నీరు ఎలా ఇంకుతుందో చెప్పే ఫిక్ సూత్రం ప్రకారమే. మూడో నెలలో 1.5341. తగ్గింది!

"ఏమ్మా, గట్టిగా తుడిచేశావా?" అన్నారు మా గైడ్.

50 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి, తేమ చేరనివ్వని డెసికేటర్ పాత్రలో చల్లార్చి, అంకె కదలడం ఆగేదాకా తూచాను. 1.5187. మొదటి బరువు కంటే 4.3 మిల్లీగ్రాములు తక్కువ. నీళ్లు లోపలికి వెళ్తుంటే ఇంకేదో బయటికి వస్తోందన్నమాట. పైకి కనిపించిన పెరుగుదల 11.1 మిల్లీగ్రాములే, లోపలున్న నీరు మాత్రం 15.4.

తప్పు నాదే. ఓవెన్ కోసం ఇంకొకరు ఎదురుచూస్తున్నారని పోస్ట్ క్యూరింగ్ (రెజిన్ పూర్తిగా గట్టిపడేలా చివర్లో వేడి చేయడం) మధ్యలోనే ముక్కలు తీసేశాను. రెజిన్‌లో గొలుసుకు అతకని చిన్న అణువులు మిగిలిపోయాయి. గాజు నీళ్లు పీల్చదు గానీ, గాజునూ రెజిన్‌నూ కలిపే సైలేన్ బంధాలను నీరు తెంచగలదు. కోసిన అంచు దగ్గర పోగుల వెంట తెల్లటి చారలు కనిపించాయి. గోటితో గీకితే ఒక పోగు లేచి వచ్చింది.

ఇలాంటి పదార్థంతోనే చేసే పడవ అడుగుకైతే నాలుగు మిల్లీగ్రాములను ఎవరు పట్టించుకుంటారు? ఎముక పక్కన కరిగి వచ్చిందైతే నేరుగా కండలోకే పోతుంది. బరువు ఎంత శాతం పెరిగిందో చెప్పి ఊరుకునే పేపర్లు చూస్తే ఇప్పుడు చిరాకు. మళ్లీ ఆరబెట్టి తూచారా అని ముందు అదే వెతుకుతాను.

కొత్త ముక్కలకు క్యూరింగ్ పూర్తిగా చేశాను, కోసిన అంచులకు అదే రెజిన్ పూశాను. సీసాల్లో వేసి నిన్నటికి ఐదు రోజులు. ఓవెన్ తలుపు మీద నేను అంటించిన 'తెరవవద్దు' కాగితం ఇంకా అలాగే ఉంది.